చాయ్‌కి టైమివ్వని లాప్‌టాప్

ఇబ్రహీంపట్నంలో నాదొక చిన్న డీటీపీ దుకాణం. పెళ్లి కార్డులు, బడి ప్రశ్నపత్రాలు, బోనాల ఫ్లెక్సీలు, మహేశ్వరం వైపు ప్లాట్లు అమ్మేవాళ్ల కరపత్రాలు, తెలుగులో టైపు కొట్టాల్సింది ఏదైనా చేస్తాను. అన్నీ ఒకే పాత లాప్‌టాప్ మీద. పొద్దున్నే దాని బటన్ నొక్కి, పక్కనున్న హోటలక్కకు కేకేసి చాయ్ చెప్పడం నాకు అలవాటైపోయింది. వచ్చినవాళ్లు ఆ చాయ్ తాగి, రెండు వైపుల చుట్టరికాలూ చెప్పి, గ్లాసు కింద పెట్టేసరికి తెర మీద వెలుగొచ్చేది. చాయ్ ఖర్చు నాదే.

ఒక రోజు రావిర్యాల నుంచి ఓ పెద్దాయన కొడుకు పెళ్లి కార్డు కోసం వచ్చాడు. చాయ్ అయిపోయింది. తెర మీద చక్రం తిరుగుతూనే ఉంది. రెండో చాయ్ కూడా తాగి, కండువా దులుపుకుని లేచాడు.

"బిడ్డా, నీ మిషిను తెరుసుకునేవరకు మా పిలగాని ముహూర్తం దాటిపోయేటట్టున్నది."

కోపంగా అన్నా బాగుండేది. నవ్వుతూ అన్నాడు. రోడ్డు దాటి ఎదురుగా ఉన్న ఇంకో డీటీపీ దుకాణంలోకి పోయాడు. నాకు తల కొట్టేసినట్టయింది.

ఇంటికి పోయి చెబితే మా ఆయన తేలిగ్గా తీసుకున్నాడు. "కొత్తది తీస్కోరాదు? కిస్తీల మీద ఇస్తున్నరు గద."

"నా అక్షరాలు అండ్ల ఉంటయా?" అన్నాను.

ఆయనకు అర్థం కాలేదు. చాలామందికి కాదు. నేను కొట్టేది ఫోన్లలో కనిపించే తెలుగు కాదు. పాతకాలపు ఫాంట్లు, వాటికి తగ్గ కీబోర్డు, వాటికోసమే పుట్టిన సాఫ్ట్‌వేర్. అది ఎక్కించినాయన ఎప్పుడో దుకాణం ఎత్తేశాడు, సీడీ ఎక్కడుందో దేవుడికే తెలియాలి. నా వేళ్లకు వచ్చిన విద్యంతా ఆ ఒక్క లాప్‌టాప్‌లోనే నడుస్తుంది. ఒకసారి మా మరిది కొత్త లాప్‌టాప్‌లో నేను కొట్టిన పెళ్లి కార్డొకటి తెరిచి చూశాను. శ్రీరస్తు ఉండాల్సిన చోట డాలరు గుర్తులు, ఇంగ్లిషు ముక్కలు. అది చూసి నా ప్రాణం ఉసూరుమంది. కొత్తది కొంటే మళ్లీ అఆల దగ్గర మొదలుపెట్టాలి. అందాకా గిరాకీ ఎదురు దుకాణంలో కూర్చుంటుంది.

"గోటితో పోయేదానికి గొడ్డలెందుకు? డిస్కు ఒక్కటి మారుస్త," అన్నాను. లోపల గిరగిరా తిరిగే పాత హార్డ్ డిస్కు వల్లే లాప్‌టాప్ నత్తనడక నడుస్తోందనీ, దాని చోట ఎస్‌ఎస్‌డీ అనే తిరగని డిస్కు పెడితే పరుగెత్తుతుందనీ ప్రశ్నపత్రాలు ఇవ్వడానికి వచ్చే సారొకాయన చెప్పి ఉన్నాడు.

మర్నాడే లాప్‌టాప్ సంచీలో పెట్టుకుని స్కూటీ మీద శేరిగూడ పోయాను. అక్కడ ఇంజనీరింగ్ కాలేజీల ఎదురుగా కంప్యూటర్ సామాన్ల దుకాణం ఉంది. దుకాణదారు నా మాట సగం వినగానే సన్నగా, పొడుగ్గా ఉన్న ఓ చిప్పు బల్ల మీద పెట్టాడు.

"గిది తీస్కో అక్కా. మస్తు స్పీడు. కాలేజీ పిలగాళ్లంత గిదే కొంటున్నరు."

ఆయన వెనక గోడ మీద, సీలు తీసిన డబ్బా వాపసు తీసుకోబడదు అని రాసి ఉంది. నేను చిప్పు ముట్టుకోలేదు. సంచీలోంచి లాప్‌టాప్ తీసి ముందుకు జరిపాను.

"ముందు దీన్ని ఇప్పు. చీర సూడకుండ జాకెట్టు ముక్క కోస్తరా ఎవలన్న?"

మ్యాచింగ్ సెంటర్‌కు చీర పట్టుకుపోకుండా పోయి మోసపోయిన ఆడవాళ్లు మా ఇంట్లో లేరు. ఆయన గొణుక్కుంటూ స్క్రూలు తీశాడు. చూస్తే ఆ సన్న చిప్పు గుచ్చడానికి నా లాప్‌టాప్‌లో చోటే లేదు. పాత డిస్కులాగే పలకలా ఉండే రకమే పడుతుంది.

"అవ్ అక్కా, నువ్వన్నదే నిజం," అని పలకల్లాంటివి రెండు తీశాడు. ఒకటి పేరు ఎన్నడూ వినని కంపెనీది, పైగా నా పాత డిస్కు కంటే చిన్నది. అది పక్కకు నెట్టేశాను. గుడ్డ తక్కువైతే జాకెట్టుకు చేతులు రావు. రెండోది పాతదానికంటే కాస్త పెద్దది, గ్యారంటీ కూడా ఎక్కువ కాలం ఉంది. అదే తీసుకున్నాను.

"కొత్త విండోస్ ఎక్కిస్త. లోపలిదంత సాఫ్ చేస్త," అన్నాడు.

"ఎలుకలున్నయని ఇల్లు తగలబెట్టుకుంటమా? ఉన్నది ఉన్నట్టు దించు. ఒక్క అక్షరం పోవద్దు."

ఆయన పాత డిస్కు చప్పుడు చెవి పెట్టి విని తల అడ్డంగా ఊపాడు. "లోపల గీసుకుంటున్నది. గిది ఎక్కువ దినాలు నిలువది. దింపుత కని, పాత సాఫ్ట్‌వేర్లు కొన్ని డిస్కు మారిందంటె తెరుసుకోవు. తర్వాత నన్ను అనొద్దు."

అయినా కానీయమన్నాను. పాత డిస్కులోది కొత్తదాంట్లోకి దిగుతున్నంతసేపూ స్టూలు మీద నుంచి కదల్లేదు. అన్నం వేళ దాటిపోయింది. ఆయన తిని వచ్చాడు. నేను తెర మీది అంకెలు పెరగడం చూస్తూ కూర్చున్నాను.

చివరికి కొత్త డిస్కు బిగించి బటన్ నొక్కాడు. నేను కొంగు సర్దుకునేలోపు తెర వెలిగింది. ఆయన నవ్వాడు కానీ నేను నవ్వలేదు. ఇల్లు అలకగానే పండగ కాదు కదా. నా సాఫ్ట్‌వేర్ మీద రెండుసార్లు నొక్కి, పాత పెళ్లి కార్డొకటి తెరిచాను. శ్రీరస్తు. శుభమస్తు. అవిఘ్నమస్తు. ఒత్తులు ఒత్తుల్లా, సున్నాలు సున్నాల్లా, అన్నీ వాటి వాటి చోట్ల ఉన్నాయి. కింద నా పేరు కొట్టి చూశాను. వేళ్లు ఎక్కడా తడబడలేదు.

"అంత మంచిగనే ఉన్నది గదక్కా, ఏడుస్తవేంది?"

"ఏడుస్తలేను. చదువుతున్న," అన్నాను. నిజానికి ఏడుస్తూనే ఉన్నాను. ఆ సంతోషం నాకు మా ఇల్లు స్లాబు పడ్డ రోజు కూడా కలగలేదు.

పెళ్లిళ్ల కాలం ఇంకా నడుస్తుండగానే రావిర్యాల పెద్దాయన మళ్లీ కనిపించాడు. కొడుకు పెళ్లయింది, ఇప్పుడు గృహప్రవేశం కార్డు కావాలి. ఎదురు దుకాణంలో జనం కిటకిటలాడుతుంటే, వేరే దారిలేక రోడ్డు దాటి నా గుమ్మంలో నిలబడ్డాడు. నేను ఎప్పట్లాగే హోటలక్కకు చాయ్ అని కేకేసి, బటన్ నొక్కాను. ఆయన కుర్చీ దుమ్ము కండువాతో దులిపి కూర్చునేసరికి తెర మీద ఖాళీ కార్డు సిద్ధంగా ఉంది.

"చెప్పు బాపు, ఇంటి పేరేంది? ముహూర్తం ఇంక దాటలేదులే."

ఆయన నా వంక చూసి గట్టిగా నవ్వాడు. "యాది పెట్టుకున్నవా బిడ్డా," అని జేబులోంచి పంతులు రాసిచ్చిన కాగితం తీశాడు. హోటలక్క గ్లాసు పట్టుకుని వచ్చేసరికి ఆయన నేను కొట్టిందంతా అక్షరం అక్షరం చూసుకుని, ఇక అచ్చు వేయమని లేచాడు.

"గిట్లయితె నా చాయ్ ఎవలు తాగుతరు చెల్లె?" అంది అక్క.

ఆ గ్లాసు నేనే అందుకున్నాను. నా దుకాణంలో, నా ఖర్చు మీద వచ్చిన చాయ్ వేడివేడిగా నేను తాగడం అదే మొదటిసారి.