బోర్డు ఎత్తు

మంగళవారం పొద్దున ట్యూషన్ గది ఊడుస్తుండగా మా లెక్కల సారు తమ్ముడు ఫోన్ చేశాడు. "అన్నా, మా అన్న పోయిండే. జర జల్ది రా" అన్నాడు. చీపురు గోడకు ఆనించి, షట్టర్ దించి వెళ్లాను.

సారును వాకిట్లో చాప మీద పడుకోబెట్టారు. మెడ, నడుము ఎప్పుడో బిగుసుకుపోయాయి కాబట్టి తల నేలకు ఆనలేదు. ఎవరో గొంగడి మడిచి తల కింద పెట్టారు. "సచ్చినంక గూడ నా కొడుకును సాపుగ పండనియ్యలే గా నీళ్లు" అని వాళ్ల అమ్మ ఏడ్చింది. మా దిక్కు బోరు నీళ్లలో ఉండే ఫ్లోరైడ్ గురించి ఆమె ఆ మాట అన్నది. ఇప్పుడు ఇంటింటికీ నల్లా నీళ్లు వస్తున్నాయి. ఆయన ఎముకలకు మాత్రం అవి ఆలస్యంగా వచ్చాయి.

మాది కట్టంగూర్. సారు ఇల్లు మా ఇంటికి రెండు సందుల అవతల. నాకంటే పన్నెండేళ్లు పెద్ద. లెక్కల్లో డిగ్రీ చేశాడు. పంతులు కావాలనుకున్నాడు. కానీ చెయ్యి భుజం దాటి పైకి లేవదు, మెడ తిరగదు. ప్రైవేటు బడుల్లో అడిగితే కూర్చోబెట్టి చాయ్ ఇచ్చి పంపేవారు. నేను పదో తరగతి లెక్కల్లో తప్పి, చదువు మానేసి, జిరాక్స్ దుకాణంలో పని చేస్తున్న రోజుల్లో ఆయన దగ్గర కూర్చునే మళ్లీ రాసి పాసయ్యాను. ఆ తర్వాత చదివిందంతా ఎవరూ చెప్పకుండా చదివిందే.

తెలంగాణ వచ్చిన మరుసటేడు, హైవే పక్కన ఒక షట్టర్ కిరాయికి తీసుకుని ట్యూషన్ పెడదామని నేనే అడిగాను. పిల్లలను తేవడం, గది చూసుకోవడం నా పని. చెప్పడం ఆయన పని.

"నన్ను చూసి పిల్లలు భయపడ్తరేమో తమ్మీ" అన్నాడు.

"లెక్కలను చూసి ఎట్లయినా భయపడ్తరు సారూ. అండ్లనే కలిసిపోతది."

గట్టిగా నవ్వాడు. నవ్వితే ఒళ్లంతా ఒక్కసారే కదిలేది, చెక్క కదిలినట్టు.

బోర్డును ఆయన చెయ్యి అందే ఎత్తులో, నా ఛాతీ కంటే కిందనే, మేకులకు తగిలించాం. అయినా ఎక్కువసేపు రాయలేకపోయేవాడు. అందుకని తాను కుర్చీలో కూర్చుని పిల్లలతోనే రాయించేవాడు. లెక్క తప్పితే డస్టర్ ముట్టనిచ్చేవాడు కాదు. "తుడవకురా. జరసేపు ఉండనీ. ఏడ తొవ్వ తప్పిందో చూద్దాం" అనేవాడు. సరిగ్గా వచ్చినా వదిలేవాడు కాదు. "ఎట్ల వచ్చిందో చెప్పు. నీకు తెల్వకుండనే వచ్చిందా?"

ఒకసారి గొర్లు కాసే ఒక తండ్రి తలుపు దగ్గర నిలబడి చాలాసేపు చూశాడు. "ఏంది సారూ, మా పిల్ల నిలవడి రాయవట్టె, మీరు కుర్సీల కూసుంటిరి. గిండ్ల పంతులెవలు?"

"నీ బిడ్డనే" అన్నాడు సారు. "నేను ఒట్టి కావలి. నువ్వు మందకాడ చేసే పనే."

ఆరుగురితో మొదలైన ట్యూషన్ మూడేళ్లకు అరవై మందికి చేరింది. ట్యూషన్ పెట్టాలనుకునే పిల్లగాళ్లు ఇప్పుడు నన్ను సలహా అడుగుతారు. చిన్న జాగాలో మొదలుపెట్టమని, మార్కుల గురించి తల్లిదండ్రులకు అబద్ధం చెప్పవద్దని అంటాను. తర్వాత జరిగింది మాత్రం ఎవరికీ చెప్పలేదు.

పిల్లలు పట్టడం లేదని, షట్టర్ గది ఉంచుకుంటూనే మేడ మీది హాలు కూడా తీసుకున్నాను. పట్నంలో చదివిన ఒక కుర్ర సారును పెట్టాను. అతను గోడ నిండా రాసేవాడు, పిల్లలు నోటు పుస్తకాల నిండా దించుకునేవారు. బోర్డు ఎంత ఎత్తులో పెట్టాలని మేస్త్రీ అడిగితే, "బడిల ఉన్నట్టు పెట్టు" అన్నాను. అంతకంటే ఆలోచించలేదు.

మొదటి రోజు సారు ఒక్కో మెట్టు మీద ఆగుతూ పైకి వచ్చాడు. బోర్డు ముందు నిలబడ్డాడు. సుద్దముక్క పట్టుకున్న చెయ్యి కింది అంచు దాకా వెళ్లి ఆగింది.

"మంచిగుంది. గోడంత ఉంది" అన్నాడు. "మరి గిండ్ల నా పిల్లలెవలు?"

"మీకు మెట్లు కష్టం గద సారూ. కింద గదిల చిన్న పిల్లలకు ఎక్కాలు చెప్పున్రి" అన్నాను. ఆయన మేలు కోరినట్టే అన్నాను. పదో తరగతి పిల్లలు వెనుక బల్లల నుంచి మా ఇద్దరినీ చూస్తున్నారు.

"అట్లనే కానియ్" అన్నాడు. సుద్దముక్క నా చేతికి ఇచ్చి దిగిపోయాడు.

రోజూ రాసే పుస్తకంలో ఆ రోజు "సారు కింది గదికి" అని మూడే మాటలు రాసుకున్నాను. ఏడాది పాటు రెండు, మూడు తరగతుల పిల్లలతో ఎక్కాలు చదివించాడు. తర్వాత నొప్పులని రావడం మానేశాడు. నేను కబురు పంపాను కానీ వెళ్లలేదు.

ఆ వేసవిలో మా పదో తరగతి పిల్లలు పదకొండు మంది లెక్కల్లో తప్పారు. ఒక్కొక్కరినీ పిలిచి లెక్క ఇచ్చాను. వాళ్ల నోటు పుస్తకంలో అదే లెక్క ముత్యాల్లాంటి అక్షరాలతో ఉంది. చెయ్యమంటే రెండో వరస దాటలేదు. కుర్ర సారు అప్పటికే మంచి జీతానికి పట్నం వెళ్లిపోయాడు. అదే మేస్త్రీని పిలిచి బోర్డును కిందికి దింపించి, సారు ఇంటికి వెళ్లాను.

ఆయన మంచంలో ఉన్నాడు. వీపు వెనుక దిండ్లు, చూపు పైకప్పు మీద.

"సారూ, బోర్డు కిందికి దింపిన. మీరు రావాలె."

"ఎంత కిందికి?"

నా ఛాతీ దగ్గర చెయ్యి పెట్టి చూపించాను. దుప్పటి మీద ఆయన చెయ్యి జానెడు లేచి పడిపోయింది.

"గిప్పుడు గదీ అందదు తమ్మీ" అన్నాడు. కోపం లేదు. అదే కష్టంగా ఉంది. "అప్పుడు మేస్త్రీకి చెప్పే ముందు నన్నొక మాట అడిగితే అయిపోతుండె."

తప్పయిందని అనాలి. మందులున్నాయా అని అడిగాను. ఉన్నాయన్నాడు. లేవబోతుంటే, "తప్పిన పోరగాళ్లున్నరు గద, ఇద్దరిద్దర్ని తోలియ్. పడుకోని చూసుడయితే చూస్త" అన్నాడు.

సప్లిమెంటరీ దాకా ఇద్దరిద్దరుగా పంపాను. తర్వాత కొత్త పిల్లలను కూడా పంపుతూ వచ్చాను. ఆయన బడిపంతులు కాలేదు, మేడ మీది బోర్డు దగ్గరికీ మళ్లీ రాలేదు. ఆయనను దింపింది జబ్బు కాదు, నేను. ఆ మాట ఆయన బతికుండగా చెప్పే వీలు చాలాసార్లు వచ్చింది.

పోయిన నెలలో ఒక సాయంత్రం వెళ్లాను. మెడ తిప్పలేడు కాబట్టి ఒక పిల్ల మంచం పక్కన నిలబడి, పలకను ఆయన ముఖానికి ఎదురుగా పైన ఎత్తి పట్టుకుని రాస్తోంది. పలక వణుకుతోంది. సుద్ద రాలి ఆయన మీసాల మీద, రెప్పల మీద పడుతోంది. చెయ్యి లేవదు కాబట్టి కళ్లు మాత్రం ఆర్పుతున్నాడు. ఆ పిల్ల పలక దింపి, చున్నీ కొంగుతో ఆయన ముఖం తుడిచి, మళ్లీ పైకెత్తింది. నేను గడప దగ్గరే నిలబడిపోయాను. ఆయనకు పలక తప్ప ఏమీ కనిపించడం లేదు.