ఇరవై ఏడో పేజీలో అమ్మ గుర్తు

పాత కాగితం వాసన అందరికీ తెలుసు. కోరా గుడ్డలో చుట్టిన పాత కాగితం వాసన మాత్రం సూరత్‌లో మగ్గాల మధ్య పెరిగిన మాలాంటి వాళ్లకే తెలుస్తుంది. అందులో గంజి ఉంటుంది, మగ్గం నూనె ఉంటుంది, వానాకాలపు గోడల చెమ్మ ఉంటుంది. మొన్న మధ్యాహ్నం మా చీరల గోదాములో, పార్సెళ్ల సందుల్లో కుక్కడానికి తెప్పించిన చిత్తుకాగితాల సంచి విప్పగానే, గుజరాతీ పేపర్లూ పాత పరీక్షల గైడ్లూ పెళ్లిపత్రికలూ కలగలిసిన ఆ కుప్పలోంచి ఆ వాసన ముక్కుకు తగిలింది. చేయి పెట్టి తీస్తే, కోరా గుడ్డ అట్ట వేసిన తెలుగు నవల. కుట్టు చూడగానే ఎవరి చేతిదో తెలిసిపోయింది. నలభై దాటినదాన్ని, నలుగురి మీద అజమాయిషీ చేసేదాన్ని, ఆ సంచి పక్కనే నేల మీద చతికిలబడ్డాను. ప్యాకింగ్ చేసే అమ్మాయి కంగారుపడి నీళ్లు తెచ్చింది. ఏమీ లేదని చెప్పాను గానీ, నాకు ఏడుపు వస్తోంది.

మేము అప్పట్లో సూరత్ శివార్లలోని భేస్తాన్‌లో ఒక చాల్‌లో ఉండేవాళ్లం. ఎదురెదురుగా రెండు వరుసల కోలీలు, ఒక్కో కోలీ అంటే ఒక్కో గది, మాది ఇరవై ఏడో నంబరు. చుట్టూ మగ్గాల షెడ్లు. ఆ ఖటఖట చప్పుడు ఎంత అలవాటైపోయిందంటే, కరెంటు పోయి అది ఆగినప్పుడే ఉలిక్కిపడి తలెత్తేవాళ్లం. నాయిన సిరిసిల్ల నుంచి మగ్గం నడపడానికి వచ్చి, చూపు చురుకని తాకాలు చూసే పనికి మారాడు. తాకా అంటే మగ్గం నుంచి దింపిన కోరా గుడ్డ చుట్ట. దాన్ని బల్ల మీద మొదటి నుంచి లాగుతూ, తెగిన పోగులూ నూనె మరకలూ వెతికి, ఏ దోషమూ లేదని తేలితే చిట్టచివరి అంచున నీలం పెన్సిలుతో గుర్తు పెట్టేవాడు. ఆ పెన్సిలు ఎప్పుడూ ఆయన చెవి మీదే ఉండేది. స్నానానికి వెళ్తూ కూడా తీయడం మరిచిపోయేవాడని అమ్మ ఎగతాళి చేసేది. నాయినకు అంకెలు వచ్చు గానీ అక్షరాలు రావు. అమ్మ ఏడో తరగతి దాకా చదివింది, ఆ చదువునంతా నవలల మీదే పెట్టింది.

నవలలు భూలక్ష్మి అత్త దగ్గర దొరికేవి. ఆమె మాకు చుట్టం కాదు, నాయిన కంటే పదిహేనేళ్లు పెద్ద, చాల్ మొదట్లో చీరల ఫాల్సు కుట్టే మిషను పెట్టుకుని, వెనక గోడకు నాలుగు చెక్కలు కొట్టించి పుస్తకాలు పేర్చుకుంది. మా చాల్ నుంచి పెళ్లికో చావుకో ఊరికి పోయిన వాళ్లెవరైనా తిరిగొచ్చేటప్పుడు రెండు నవలలు తేవాలని ఆమె పెట్టిన కట్టుబాటు. అటుకుల మూటా ఎండుమిరపకాయలూ మరిచినా ఊరుకునేవారు గానీ, నవలలు మరిచిన మనిషిని ఆడవాళ్లు నెల్లాళ్లు దెప్పేవారు. బస్సులో నలిగి, అట్టలు ఊడి వచ్చిన వాటికి అత్త షెడ్లలో మిగిలిన కోరా గుడ్డతో అట్టలు కుట్టేది. మా వాళ్లకు రెండే రకాలు కావాలి: తోటల యజమాని పొగరు దించి పెళ్లాడే టైపిస్టు కథ, లేదా పెళ్లివారింట్లో హారం పోతే ఓ లెక్చరరమ్మ కాఫీ తాగుతూ దొంగను పట్టేసే కథ. కత్తిపోట్లూ రక్తాలూ వద్దు. చీరలకు రాళ్లు అంటించే పని చేస్తూ, వేళ్లకు జిగురు ఎండి తెల్లబడిపోయి ఉండగా, పుస్తకాన్ని మోకాళ్ల మధ్య ఇరికించుకుని, పేజీని మోచేత్తో తిప్పేవాళ్లు.

అన్ని పుస్తకాలకూ ఒకే కోరా అట్ట, లోపల కథలూ ఇంచుమించు ఒక్కలాంటివే. సగం చదివాక గానీ ఇది పోయినేడాది చదివిందేనని తెలిసేది కాదు. అందుకని చదివేసిన పుస్తకంలో ఎవరి గుర్తు వాళ్లు పెట్టుకునేవారు. ఒకామె పసుపు వేలు అద్దేది, ఒకామె గోటితో నెలవంక నొక్కేది. మా అమ్మ ఇరవై ఏడో పేజీలో, అంకె పక్కన, నల్ల పెన్నుతో మూడు చుక్కలు పెట్టి కింద చిన్న గీత గీసేది. మన కోలీ నంబరు కదా, మరిచిపోదామన్నా మరిచిపోమని నాకు చెప్పింది. పుస్తకం ముగించి, పెన్ను మూత పంటితో తీసి, ఆ చుక్కలు పెట్టేటప్పుడు ఆమె మొహంలో పండగ వంట పూర్తి చేసినంత తృప్తి ఉండేది.

నాకు తొమ్మిదేళ్లప్పుడు, వానలు పట్టిన రోజుల్లో, అమ్మ కామెర్లతో పోయింది. పదిహేను రోజుల్లో అంతా అయిపోయింది.

ఆ తర్వాత ఇల్లంటే భయం వేసేది. మెడలో తాళంచెవి వేసుకుని బడి నుంచి వచ్చి, తలుపు తీసి, లోపలికి పోకుండా గడప మీదే కూర్చునేదాన్ని. బతుకమ్మ వచ్చింది, తంగేడు దొరకని ఊళ్లో బంతిపూలతోనే గోపురాలు పేర్చి రెండు వరుసల మధ్య ఆడవాళ్లు చప్పట్లు కొడుతూ తిరిగారు, నువ్వుల ముద్దలు చేతిలో పెట్టారు, ప్రతి పిల్లా తన తల్లి కొంగు పట్టుకుని తిరిగింది. నేను ఎవరి కొంగు పట్టుకోవాలో తెలియక నీళ్ల ట్యాంకు పక్కన నిలబడ్డాను. చలికాలంలో నాయిన పోంక్ తెచ్చాడు, కంకి నుంచి వేడివేడిగా రాల్చిన లేత జొన్నలవి, నిమ్మకాయ సేవ్ కలుపుకుని తింటే ప్రాణం లేచొస్తుంది. ఇద్దరం ఆ పొట్లాన్ని మధ్యలో పెట్టుకుని తిన్నాం. ఆయన మాటలు అసలే తక్కువ, అమ్మతోపాటు అవీ పోయాయి.

నేను అత్త చెక్కల దగ్గర చేరాను. ముందు ఇరవై ఏడో పేజీ తీసి, మూడు చుక్కలు ఉంటేనే పుస్తకం ఇంటికి తెచ్చుకునేదాన్ని. అమ్మ చదివిన వాక్యాలే చదువుతున్నానన్న ధీమా. టైపిస్టు ఏడ్చిన చోట అమ్మ కూడా ఏడ్చి ఉంటుందని నేనూ ఏడ్చేదాన్ని. అలా ఏడాది గడిచింది. ఒకరోజు చూస్తే అమ్మ గుర్తున్న పుస్తకాలు ఇంక రెండే మిగిలాయి. అవి అయిపోతే అమ్మ పూర్తిగా అయిపోతుందని నాకు అనిపించింది. ఆ రెండింటినీ ముట్టుకోకుండా రోజూ వెళ్లి ఉన్నాయో లేవో చూసి వచ్చేదాన్ని.

అప్పుడే అది జరిగింది. వేసవిలో ఊరికి పెళ్లికి పోయినవాళ్లు తెచ్చిన కొత్త నవల ఒకటి అత్త నా చేతికిచ్చింది. ఇరవై ఏడో పేజీ ఖాళీ. పెదవి విరుస్తూ వెనక్కి తిప్పితే, ఆఖరి పేజీ అడుగున మూడు చుక్కలు, కింద గీత. అమ్మ పోయిన ఏడాదికి చాల్‌లోకి వచ్చిన పుస్తకం అది. నెల తిరక్కుండా ఇంకోటి అలాగే దొరికింది. కొన్నాళ్లు, అమ్మ ఎక్కడి నుంచో వచ్చి చదువుకుని పోతోందనే నమ్మాను. ఎవరికీ చెప్పలేదు, చెబితే రావడం మానేస్తుందేమోనని.

కానీ అన్ని డిటెక్టివు నవలలు చదివిన బుర్ర ఊరుకోదు కదా. అమ్మది నల్ల పెన్ను, ఇవి నీలం. అమ్మ ఇరవై ఏడులో పెడుతుంది, ఇవి చివర. పనంతా అయ్యాక చిట్టచివర నీలం పెన్సిలుతో గుర్తు పెట్టే మనిషి మా ఇంట్లోనే ఉన్నాడు. అయితే అక్షరం రాని నాయినకు నవలలతో పనేమిటి? పైగా మగ్గాల సెలవు రోజున భోంచేయగానే ఆయన కనబడకుండా పోతున్నాడు. ప్రేమ నవలలూ అన్నే చదివాను గనక, నాయిన ఎవరినో పెళ్లాడబోతున్నాడని తేల్చుకున్నాను. ఇంట్లోకి వచ్చే ఆ కొత్త మనిషి అమ్మ చీరల పెట్టె తెరుస్తుందని తలుచుకుని అన్నం సయించలేదు. వచ్చే సెలవు రోజున నాయిన వెనకాలే నడిచాను.

ఆయన భూలక్ష్మి అత్త దుకాణానికి వెళ్లాడు. వీధి వైపు మెట్టు మీద కూర్చుని, ఆమె కుట్టిన చీరల అంచున వేలాడే దారాలు కత్తిరిస్తున్నాడు. అత్త మిషను ఆపి, కళ్లజోడు సవరించుకుంటూ నవల పైకి చదువుతోంది. నేను పక్క గోడ వెనక నిలబడి విన్నాను. కథ చివరికొచ్చినట్టుంది, పెళ్లి జరుగుతోంది. అత్త చదవడం ఆపగానే నాయిన తలెత్తకుండానే అడిగాడు.

"అందరు ఉంటరా అక్కా, ఆఖరుకు?"

"ఉంటరు. అందరు మంచిగనే ఉంటరు."

నాయిన పుస్తకం అందుకుని, చెవి మీది పెన్సిలు తీసి, ఆఖరి పేజీలో నెమ్మదిగా మూడు చుక్కలు పెట్టాడు. కత్తెర పట్టుకుని మళ్లీ దారాల మీద పడ్డాడు.

నేను వచ్చిన దారినే ఇంటికి వెళ్లిపోయాను. పెళ్లి లేదన్న సంతోషం ఉంది, అమ్మ రావడం లేదన్న దుఃఖం అంతకంటే ఎక్కువ ఉంది. నాయిన మీద కోపం కూడా వచ్చింది. పెట్టేవాడు సరైన పేజీలోనైనా పెట్టి ఉంటే నేను నమ్ముతూ ఉండేదాన్ని కదా. రెండు రోజులు ఆలోచించి, మూడోనాడు పొద్దున చాయ్ తాగేటప్పుడు, గ్లాసులోకి చూస్తూ చెప్పాను.

"నాయినా, అమ్మ గుర్తు ఆఖరు పేజీల పెట్టకపోతుండె. ఇరవై ఏడుల పెడ్తుండె. మన కోలీ నంబరు."

ఆయన చెవి మీది పెన్సిలు తీసి చూసి, మళ్లీ అక్కడే పెట్టుకున్నాడు.

"గట్లనా," అన్నాడు. "చాయ్ చల్లారుతంది, తాగు బిడ్డా."

ఆ తర్వాత చేతికొచ్చిన ప్రతి నవలలోనూ గుర్తు ఇరవై ఏడో పేజీలో, అంకె పక్కన, నల్ల పెన్నుతో ఉంది. ఆయనకు తెలుసునని నాకు తెలుసు, నాకు తెలుసునని ఆయనకూ తెలుసు, ఆ ముక్క మేమెప్పుడూ మాట్లాడుకోలేదు. డుమస్ సముద్రపు ఒడ్డుకు తీసుకెళ్లి, గాలికి కళ్లల్లో ఇసుక పడుతుంటే టమాటా భజియాలు తినిపించిన రోజున కూడా మాట్లాడుకోలేదు. అలా ఆరేడేళ్లు చదివాను. కొన్ని పుస్తకాలు మాత్రం నాకు అందేవి కావు. అత్త వాటిని పై చెక్క మీద, ఫాల్సు కట్టల వెనక పడేసేది. అడిగితే, "అవి చినిగినయి బిడ్డా, కుట్టాలె," అనేది. ఎన్నేళ్లయినా కుట్టలేదు, ఈ ముసలమ్మకు బద్ధకమని నవ్వుకునేదాన్ని.

ఇప్పుడు అత్త లేదు. చాల్ పడగొట్టారు. నాయిన పోయి నాలుగేళ్లయింది. నవాగామ్‌లో రెండు గదుల ఇంట్లో నేనొక్కదాన్నే ఉంటాను, నాతో తెలుగు మాట్లాడే మనిషి వారానికొకరు తగిలితే గొప్ప. వదిన వరసైన వాళ్ల పిల్లలు ఫోను చేసినా హిందీలో మొదలుపెట్టి గుజరాతీలో ముగిస్తారు. పుస్తకం కోసం బస్సు వైపు కాచుకుని చూసే ఆడవాళ్లూ లేరు.

గోదాము నేల మీద కూర్చుని, అలవాటుగా ఇరవై ఏడో పేజీ తీశాను. ఏమీ లేదు. ఆఖరి పేజీ చూశాను, అక్కడా లేదు. కుట్టు చెక్కుచెదరలేదు, ఒక్క పేజీ చినగలేదు. పై చెక్క పుస్తకమని అప్పుడు అర్థమైంది. ఎందుకు దాచారో తెలియక అక్కడే చదవడం మొదలుపెట్టాను. నలభయ్యో పేజీ దాటాక, కథలోని చిన్నపిల్ల తల్లికి జ్వరం వచ్చింది. యాభయ్యో పేజీకి ఆమె పోయింది. ఆ పిల్ల బడి నుంచి వచ్చి గడప మీద కూర్చుంది.

అందరు ఉంటరా, అని నాయిన అడిగింది కథ ఎలా ముగిసిందో తెలుసుకోవాలనే కుతూహలంతోనేనని అనుకున్నాను ఇన్నాళ్లూ. ఆయన నాకోసం ఒక్కో పుస్తకాన్నీ, తాకాను చూసినట్టే, మొదటి నుంచి చివరిదాకా అత్తతో చదివించి చూశాడు. చివర పెట్టిన గుర్తు పొరపాటు కాదు. అక్షరం రాని మనిషి, నాకు తగిలే పోగు ఒక్కటీ లేదని తేలాకే పుస్తకాన్ని నా చేతిదాకా రానిచ్చాడు. నేనేమో ఆయన తప్పు దిద్దాననుకున్నాను.

మిగతా పేజీలన్నీ ఏడుస్తూనే చదివాను. ఆ పిల్ల పెరిగి పెద్దదైంది, బాగానే ఉంది. సాయంత్రం చీరలు తనిఖీ చేసే అమ్మాయి దగ్గర నీలం పెన్సిలు అడిగి తీసుకుని, ఆఖరి పేజీ అడుగున మూడు చుక్కలు పెట్టి, కింద గీత గీశాను.