పేర్లు మారిస్తే చాలు

పంకజాక్షి పేరు మీరు విని ఉండరు. చిత్తూరు చుట్టుపక్కల తొంభై ఆరు తర్వాత పెళ్ళి చేసుకున్నవాళ్ళయితే మాత్రం మీ శుభలేఖలో అక్షరాలు ఆమె కొట్టినవే అయ్యుంటాయి. చర్చి వీధిలో ధనంజయన్న డి.టి.పి. సెంటరులో పని చేసేది. దాని పక్క కొట్టు నాది. ఆమె కంప్యూటరులో కొట్టి, ట్రేసు పేపరు మీద ప్రింటు తీసిస్తే, నేను దాన్ని స్క్రీన్ ప్రింటింగు బట్ట మీదికెక్కించి కార్డులు ముద్రిస్తాను. ఎవరి పెళ్ళయినా మా ఇద్దరి చేతులూ దాటి పోవాల్సిందే. ఆ పెళ్ళి భోజనానికి మమ్మల్ని పిలిచినవాళ్ళు తక్కువ, అది వేరే సంగతి.

పెళ్ళికార్డు అంటే ఎవరో కూర్చుని రాయించుకుంటారని మీరనుకుంటే పొరబాటు. కార్డును ఎవరూ కొత్తగా రాయించుకోరు. ఇంట్లో పెద్దోడి పెళ్ళికి వేసిన కార్డు చేత్తో పట్టుకొస్తారు. "ఇదే మాదిరి అమ్మణ్ణీ, పేర్లు మారిస్తే సాలు" అంటారు. పంకజాక్షి పాత ఫైలు తెరిచి పెళ్ళికొడుకు, పెళ్ళికూతురు, ముహూర్తం, మంటపం మారుస్తుంది. తక్కినదేదీ కదలదు. కింద 'మీ రాకను కోరువారు' అని ఉంటుందే, ఆ పేర్ల వరస అసలే కదలదు. ఎవరు ముందు, ఎవరు వెనక, ఎవరి పక్కన ఎవరు అన్నది ఆ ఇంట్లో ఎప్పుడో అలకలూ అరుపులూ అయిపోయి, పెద్దమనుషులు కూర్చుంటే కుదిరిన రాజీ. దాన్ని మళ్ళీ కెలకడానికి ఎవరికీ గుండె చాలదు. అట్లాంటి రాజీలు ధనంజయన్న కంప్యూటరులో వందల ఇళ్ళవి ఉండేవి.

ఆ కంప్యూటరుకు ఒక లాకు ఉండేది. అగ్గిపెట్టెంత ముక్క. దాన్ని వెనక గుచ్చితేనే తెలుగు పడుతుంది. పీకేస్తే ఫైళ్ళన్నీ పిచ్చి ఇంగ్లీషు రాతలైపోతాయి. విండోసు సీడీ అంటారా, అది ఊళ్ళో చేతులు మారుతూ తిరిగేది, డబ్బు పెట్టి కొన్నవాణ్ణి నేనైతే చూడలేదు. లాకుకు మాత్రం నకలు తీసే మొనగాడు మా వీధిలో పుట్టలేదు. ధనంజయన్న మధ్యాహ్నం భోజనానికి పోతూ దాన్ని పీకి చొక్కా జేబులో వేసుకునేవాడు. ఎవరైనా ఎత్తుకుపోతారని భయం. ఆయన తిని, కునుకు తీసి, తాంబూలం నములుతూ తిరిగొచ్చేదాకా పంకజాక్షి ఆ పిచ్చి రాతల ముందు కూర్చునేది. ఇంటికి పోదామంటే ఎప్పుడొస్తాడో తెలియదు. పని చేద్దామంటే అక్షరం పడదు.

ధనంజయన్న చెడ్డవాడు కాడు. ఆమెకు వచ్చిన కష్టమే అది. చెడ్డవాడైతే ఏదో ఒక రోజు నాలుగు మాటలు అనేసి పని మానేసేది. జీతం సరిగ్గా ఇచ్చేవాడు, 'అమ్మా' అనే పిలిచేవాడు. ముహూర్తాలున్న నెలల్లో సెలవు మాత్రం అడగకూడదు. సొంత చెల్లెలి పెళ్ళికి ఆమె పుత్తూరు పోయి, తాళి కట్టడం చూసి, ఆకు ముందు కూర్చోకుండా బస్సెక్కి వచ్చేసింది. ఆ సాయంత్రం కళ్ళు తుడుచుకుంటూ ఎవరిదో కార్డు కొడుతుంటే చూసి నాకు ఒళ్ళు మండింది. నాకు మండి ఏం లాభం? నా కొట్టూ ఆ ముహూర్తాల మీదే నడిచేది కదా.

ఆమె కోరిక పెద్దదేం కాదు. గిరింపేటలో తన ఇంటి ముందు గదిలో సొంతంగా కంప్యూటరు పెట్టుకోవాలి. తలుపు తనే తీయాలి, తనకు బుద్ధి పుట్టినప్పుడు తనే మూయాలి. లాకుతో సహా కొనుక్కోవడం ఆమె వల్ల అయ్యే పని కాదు. భర్త ఆర్టీసీలో కండక్టరు. ఆ జీతం ఇంటికే బొటాబొటీ.

అట్లాంటప్పుడు వాళ్ళ మేడ మీద గదిలోకి నరేంద్ర అద్దెకొచ్చాడు. ఇంజనీరింగు కాలేజీలో లెక్చరరు, పెళ్ళి కాలేదు. కంప్యూటరులో విండోసుకు బదులు వేసుకునే లినక్సు అంటే అతనికి పూనకం. మన ఊళ్ళో అయ్యప్ప మాల వేసుకున్నవాళ్ళు ఇంకొకరికి మాల వేయించేదాకా ఊరుకోరు చూడండి, అట్లా. పంకజాక్షి గోడు విని ఎగిరి గంతేశాడు.

"అక్కా, నువ్వు జైల్లో ఉండావు. ఇది ఎవురి సొత్తూ కాదు. ఊరికే వస్తాది, ఎవురైనా వాడుకోవచ్చు" అన్నాడు.

"విండోసూ ఊరికేనే వస్తా ఉండాది గదబ్బా" అంది ఆమె.

అది దొంగతనం, ఇది స్వేచ్ఛ అని నరేంద్ర చాలాసేపు చెప్పాడు. ఆమె అంతా ఓపిగ్గా విని ఒకటే అడిగింది.

"దీంట్లో తెలుగు పడతాదా?"

"పడతాదక్కా. ఏ లాకూ లేకుండా పడతాది."

స్వేచ్ఛ సంగతి ఎట్లా ఉన్నా, లాకు లేదన్న మాట ఆమెకు బాగా ఎక్కింది.

నరేంద్ర తన పాత కంప్యూటరే ఇచ్చాడు. సెకండ్ హ్యాండు ప్రింటరొకటి ఆమె తెచ్చుకుంది. ఆ రెంటికీ స్నేహం కుదర్చడానికి నరేంద్ర ఆదివారాలన్నీ ధారపోశాడు. ఈమెకు ఇంకో తంటా. పదేళ్ళుగా వేళ్ళకు అలవాటైన చోట అక్షరాలు లేవు. 'క' కోసం పోతే ఇంకేదో పడుతుంది. బియ్యం ఏరుతూ కూడా ఒళ్ళో వేళ్ళు ఆడించుకుంటూ నేర్చుకుంది. ఇంత పట్టుదల ఉన్న మనిషిని నేను మా వీధిలో ఇంకొకరిని చూడలేదు. చివరికి వచ్చేసింది. వాకిట్లో 'పంకజాక్షి డి.టి.పి.' అని బోర్డు కట్టింది.

ధనంజయన్న అడ్డు చెప్పలేదు. "పోయిరామ్మా. కుదరకపోతే మళ్ళా రా. నీ కుర్చీ ఈడనే ఉంటాది" అన్నాడు. దీవించాడో శపించాడో ఇప్పటికీ నాకు తేలలేదు.

నాలుగు నెలలు బాగానే సాగింది. కాన్వెంటు స్కూలు పరీక్ష పేపర్లు, జాతర కరపత్రాలు, కర్మక్రియల కార్డులు వచ్చేవి. ట్రేసు నా దగ్గరికే తెచ్చేది. మనిషి ముఖమే మారిపోయింది. "మద్దేన్నం తలుపేసుకోని పొనుకుంటి బాలన్నా! లేపేవోళ్ళే లేరు" అని ఒకరోజు చెప్పింది, ఏదో ఘనకార్యం చేసినట్టు. నిజంగా ఘనకార్యమే. ఆమెను చూస్తే నాకూ సంతోషంగా ఉండేది.

అప్పుడొచ్చాడు ఐరాల నుంచి మునికుమార్. మామిడి తోటలున్న రైతు, తమ్ముడి పెళ్ళి పెట్టుకున్నాడు. తన పెళ్ళి కార్డు తెచ్చి, "ధనంజయ అంగడికి పోతే నువ్వు ఈడుండావని సెప్పిరి. నీ సెయ్యి మంచిదమ్మణ్ణీ. ఇదే మాదిరి, పేర్లు మారిస్తే సాలు" అన్నాడు.

ఫైలు ధనంజయన్న దగ్గర ఉంది. అడిగితే ఇచ్చేవాడే. తెచ్చినా దీంట్లో తెరుచుకోదు. ఒకవేళ తెరుచుకున్నా పిచ్చి రాతలే. ఆమె పాత కార్డు ముందు పెట్టుకుని మొదటి నుంచి చివరిదాకా మళ్ళీ కొట్టింది. నరేంద్ర కంప్యూటరులో తెలుగు అక్షరాల రకాలు రెండో మూడో. ఉన్నవాటిలో పొందికైనవి కూడా పాతవాటికంటే వెడల్పు. ఆహ్వానించేవాళ్ళ వరసలో మునికుమార్ నాయన పేరు, పక్కనే చిన్నాయన గోవిందు పేరు ఉండాలి. రెండూ ఒక వరసలో పట్టలేదు. గోవిందు పేరు దానంతటదే కిందికి జారి, ఇంటి అల్లుళ్ళ పేర్లు కూడా దాటి అడుగున నిలబడింది. మునికుమార్ ప్రూఫు చూశాడు. మనవాళ్ళు ప్రూఫులో ఏం చూస్తారు, తమ పేరు సరిగా ఉందా లేదా అనే కదా. బాగుందన్నాడు. నేను ముద్రించాను.

కార్డు అందిన రోజే గోవిందు దాన్ని మునికుమార్ వాకిట్లో విసిరికొట్టాడు. మునికుమార్ నాయనా గోవిందూ ఆస్తి భాగాల దగ్గర కొట్టుకుని, ఏళ్ళ తర్వాత మునికుమార్ పెళ్ళికి కలిసినవాళ్ళు. ఒకే వరసలో పేర్లుండాలన్న షరతు మీదే అప్పుడు కలిశారు. అది మాకెట్లా తెలుస్తుంది?

"అల్లుళ్ళ కిందికి దించినారు నన్ను! ఎవురు సెప్పినారు దించమని?" అన్నాడు గోవిందు.

"కంప్యూటరు దించింది సిన్నాయనా" అన్నాడు మునికుమార్.

"కంప్యూటరుకి మన ఇంటి వరసలు ఏం తెలుసురా? ఎవురో సెప్తేనే దించినాది. కాణిపాకంలో పెమాణం సెయ్యి."

కాణిపాకం వినాయకుడి ముందు అబద్ధపు ప్రమాణం చేయడానికి మా జిల్లాలో ఎవరూ సాహసించరు. మునికుమార్ వెనకాడాడు. తనైతే చెప్పలేదు. తన పెళ్ళాం సిద్ధమ్మ చెప్పిందో లేదో ఆయనకే నమ్మకం లేదు! చివరికి, కొట్టిన మనిషే వచ్చి చెప్పాలన్నారు. ఆమె సరేనంది. నేనూ తోడు పోయాను.

పొద్దున్నే తలస్నానం చేసి, తడి జుట్టుతో దేవుడి ముందు నిలబడి పంకజాక్షి ప్రమాణం చేసింది. "ఎవురూ సెప్పలేదు సామీ. ఈ కొత్త దాంట్లో అక్షరాలు యెడల్పు. వరసలో పట్టక పేరు కిందికి దిగినాది. నేను సూసుకోలేదు." ఫాంటు సైజు గురించి కాణిపాకంలో ప్రమాణం చేసిన మనిషి లోకంలో ఆమె ఒక్కతే అయ్యుంటుంది. ఎవరికి చెప్పినా పడీపడీ నవ్వుతారు. ఆ రోజు నాకు నవ్వు రాలేదు.

గోవిందు నమ్మాడు, పెళ్ళికీ వచ్చాడు. కార్డులు మాత్రం ధనంజయన్న దగ్గర పాత ఫైలులో పేర్లు మార్చి మళ్ళీ వేయించారు. ఆమె ప్రమాణం నిజమని అందరూ ఒప్పుకున్నారు కాబట్టే ఆమె కొట్టు మునిగింది. లంచం తిని పేరు దించిందని అనుకున్నా ఎవరూ పెద్దగా పట్టించుకునేవాళ్ళు కాదు. 'గిరింపేటామె కంప్యూటరు పేర్లు దానంతటదే కిందికి దించుతాదంట' అన్న మాట ఐరాల నుంచి పాకాల దాకా పాకింది. దేవుడి ముందు చెప్పిన మాటాయె, దానికి తిరుగుంటుందా? మనుషులకు వరసే ప్రాణం. వరస కదలని చోటికే పోతారు.

నరేంద్ర ఊరుకోలేదు. అక్షరాలు సన్నం చేసే ఉపాయం కనిపెట్టాడు. ఇంకో పది ఫాంట్లు తెచ్చాడు. వచ్చినవాళ్ళు మాత్రం పాత కార్డు చూపించి, "ఈ ఫైలు నీ కాడ ఉండాదా అమ్మా?" అనే అడిగేవాళ్ళు. "కొత్తగా కొట్టిస్తాను, అచ్చం అట్లే వస్తాది" అంటే చాలు, కార్డు తిరిగి సంచిలో పెట్టుకునేవాళ్ళు. "అది శ్రీహరికోటలో రాకెట్లకి పనికొస్తాదేమో, మా పెండ్లికి వొద్దు తల్లీ" అని ఒక పెద్దాయన మొహం మీదే అన్నాడు.

ఆషాఢం పోయి శ్రావణం వచ్చింది. ఊరంతా బాజాలు, ఆమె ముందు గది ఖాళీ. ఒకరోజు పొద్దున నా కొట్టు తలుపు తీస్తుంటే పక్కన ధనంజయన్న కొట్టు మెట్ల మీద పంకజాక్షి కూర్చుని ఉంది. ధనంజయన్న వచ్చాడు. జేబులోంచి లాకు తీసి గుచ్చి, "కూచోమ్మా" అన్నాడు. ఒక్క తిట్టు తిట్టి ఉంటే ఆమె లేచి వెళ్ళిపోయేదేమో అని నాకు ఇప్పటికీ ఆయన మీద కోపమే.

రెండేళ్ళకు, వైశాఖంలో, నరేంద్ర వచ్చాడు. అప్పటికి కాలేజీ దగ్గరికి ఇల్లు మారాడు. నేను ట్రేసు కోసం పంకజాక్షి పక్కనే నిలబడి ఉన్నాను. అతని చేతిలో వాళ్ళ అన్న పెళ్ళి కార్డు, ఈ కొట్టులో కొట్టిందే. చూడగానే నాకు అర్థమైంది, ఆమెకూ అర్థమైంది. ఆమె ఏమీ అనకముందే అతను తల దించుకున్నాడు.

"నేనే కొట్టుకుంటానన్నానక్కా. మా నాయన ఒప్పుకోలే. మా పెదనాయన పేరు యాడికి పోతాదో అని భయం." కార్డు ఆమె ముందు పెట్టి, "పేర్లు మారిస్తే సాలు" అన్నాడు.

ఆమె నవ్వింది. నిందించే నవ్వు కాదు. ఫైలు తెరిచి, అన్న పేరు తీసి తమ్ముడి పేరు పెట్టి, ట్రేసు తీసి నా చేతిలో పెట్టింది. నరేంద్ర ఆమె కాళ్ళకు దండం పెట్టినంత పని చేసి, "పెండ్లికి రావల్లక్కా" అని చెప్పి బండెక్కాడు.

నాకు ఆగలేదు. "స్వేచ్ఛ, స్వేచ్ఛ అని నీ కొంప ముంచి, కడాన వాడే ఈడికొచ్చినాడు సూడు!" అన్నాను.

"వానినేమనకన్నా" అంది పంకజాక్షి, ఇంకో ఫైలు తెరుస్తూ. "వానికి కార్డు కావల్ల, వచ్చినాడు. తీసుకోని పాయ. ఈడ ఉండాల్సింది నేను గదా."