అటక మీద దొరికిన సర్క్యూట్ బోర్డు

కరోనా లాక్‌డౌన్‌లో సూరత్‌లో నేను పనిచేసే మగ్గాల షెడ్డు అటక సర్దుతుంటే, చేత్తో తీగలు అతికిన పాత సర్క్యూట్ బోర్డు దొరికింది. ఇంటికి తెచ్చి, నాకున్న అరకొర విద్యంతా దాని మీద వెలగబెట్టాను. ఏమీ వెలగలేదు. చివరికి షెడ్డు యజమాని అయిన ముసలి సేటుకు వీడియో కాల్‌లో చూపించాను.

ఒకప్పుడు అక్కడే పనిచేసిన మా నాయన వెనక నుంచి తొంగిచూశాడు. గుజరాతీ సేటుకు తెలుగేం తెలుస్తుందన్న ధీమాతో నవ్వాడు.

"గిది నేను చేసిందేరా! సేటు గేటు తెరిస్తే లోపల బల్బు ఎలుగుతుండె. పండుకున్నోళ్లం లేస్తుంటిమి."

"ముప్పై ఏండ్లు మీతోనే ఉన్న గదా మల్లన్నా, నాకు తెలుగు రాదా ఏంది?" అన్నాడు సేటు.

నా ఉద్యోగం పోయిందనుకున్నాను.

"మగ్గాలు మొదలైనంక మళ్ల పెట్టు. ఈసారి బల్బు నా గదిల. నీ కొడుకు పండుకుంటే ఎలగాలె."

నాయన పనితనానికి గర్వపడాలో, జాగ్రత్తపడాలో ఇప్పటికీ తేల్చుకోలేదు.