మామ గొంతుకు కొన్న శ్రుతిపెట్టె

రాసుకుంటాండావా అబ్బీ? రాయి మరి. నేను ఆపకుండా చెప్తా, మళ్ళా మళ్ళా అడగొద్దు.

నిన్నటి నుంచి ఆ ఫోన్లో చూస్తాండావే, నిలబెట్టి వాయించే కరెంటు బేసు వాయిద్యం, దానికి పొట్టే లేదు గదా! వట్టి మెడ, నాలుగు తీగెలు. పెద్దది కొనేకి దుడ్లు లేవు, ఇంట్లో పెట్టేకి చోటు లేదు, చవకలో ఇదే గతి అంటివి. సరే, కొనుక్కో. కానీ నువ్వే పోయి, నీ చేత్తో వాయించి, నీ చెవితో ఇని కొనుక్కో. నాకూ ఒకసారి పెద్దదానికి బదులు చిన్నది, చవకది కొన్నారు. నేను తలుపెనక నిలబడుకోని ఉండంగానే కొన్నారు.

అప్పుడు కర్నూలు మనకు రాజధాని. మా పుట్టిల్లు జమ్మలమడుగు. నాయన బడిలో అయ్యవారు. సాయంత్రం బడి ఇడిచినాక తంబుర ముందరేసుకోని నాకు పాట చెప్పేవాడు. ఆ తంబుర నాకంటే పొడుగు. దాని బుర్రకు చెవి ఆనిస్తే కడుపులో దాకా మోగేది. ఆయనకు కల్యాణి రాగం అంటే ప్రాణం. నాకూ అదే అంటుకునింది. పెండ్లయ్యే నాటికి నేను కల్యాణి ఎత్తుకుంటే దావన పోయేవాళ్ళు నిలబడుకునేవాళ్ళు. గొప్పలు కాదప్పా, నిజం!

ప్రొద్దుటూరుకు కోడలుగా వచ్చినా. బట్టలంగళ్ళ ఎనక సందులో ఇల్లు. ఒక పడసాల, రెండు గదులు, ఇంటి నిండా మనుషులు. తంబుర పంపిస్తానని నాయన అన్యాడు గానీ, యాడ పెట్టల్ల? నిలబెడితే అటకకు తగుల్తాది. పండబెడితే ఎవురో ఒకరు దాటుకోని పోతారు. సరస్వతిని దాటుతారా ఎవురన్నా? ఈడనే ఉండనీలే నాయనా అన్నా. ఆ మాటతో పాట కూడా ఆడనే ఉండిపోయింది. పొద్దన లేస్తే బావి, పొయ్యి, పెరడు. మళ్ళా పొయ్యి. వాకిట్లో నిలబడి సందు చివర దాకా చూస్తే, “ఏంది మే, ఎవురొస్తాండారు?” అనేది అత్త. ఎవురూ రారు. చూసేకి కూడా ఒక కారణం చెప్పుకోవల్ల.

మా మామ పురోహితుడు. మంచోడు. అది బాగా రాయి, మంచోడు. నాయన ఒకసారి వచ్చినప్పుడు, “బావా, పిల్ల పాట మర్చిపోతాది” అని కండ్లనీళ్ళు పెట్టుకున్యాడంట. దానికి మామ కరిగిపోయి, తంబుర బదులు ఒక శ్రుతిపెట్టె తెప్పిస్తానన్యాడు. తిత్తి ఊదితే ఒకే మోత మోగుతానే ఉంటాది, ఆ మోతను పట్టుకోని పాడల్ల. మూల పెట్టుకోవచ్చు, వెల కూడా తక్కువ. ఆ మాట ఇన్యాక నాకు నిద్ర పట్టలేదంటే నమ్ము.

మా ఇండ్లల్లో కోడండ్లు అంగడికి పోరు. సరుకే ఇంటికొస్తాది. నాటకాలోళ్ళకు హార్మోనీలు అమ్మే సాయిబు మూడు పెట్టెలు తెచ్చి పడసాలలో పెట్న్యాడు. ఒకటి ఏ శ్రుతి కావాలన్నా పలికేది. దాని వెల చెప్పంగానే మామ దాన్ని పక్కకు జరిపినాడు. ఇంగ రెండుండాయి. రెండూ చవకవే, రెండిటికీ ఒకే వెల. ఒకటి మగోళ్ళ గొంతుకు సరిపోయే ఒకటో శ్రుతి, ఇంకోటి ఆడోళ్ళ గొంతుకు సరిపోయే ఐదో శ్రుతి.

సాయిబు అడిగినాడు, “పాడేది ఎవురు సామీ?”

నా కోడలు పాడుతాదని పరాయి మగోడి దగ్గర యాడ చెప్తాడు మామ? “ఇంట్లోకి లేప్పా” అన్యాడు.

“ఇంట్లోకంటే మీకే గదా సామీ! ఏదీ, ఒక ముక్క అనండి, గొంతు చూస్తా.”

మామ గొంతు సవరించుకోని శ్లోకం ఎత్తుకున్యాడు. బొంగురు గొంతు, గాదెలో నుంచి వచ్చినట్ల. సాయిబు ఒకటో శ్రుతి పెట్టె ఊదినాడు. రెండూ అతికిపోయినాయి.

“అబ్బా! ఈ పెట్టె మీ కోసమే పుట్టింది సామీ!”

మామ మొగం ఎలిగిపోయింది. నేను తలుపెనక అత్త కొంగు పట్టుకోని గుంజుతాండా. “అత్తా, అది కాదు, ఇంకోటి, ఆ ఇంకోటి!”

“గమ్మునుండు మే! మామ మాట్లాడ్తాంటే నడిమద్దెలో ఏంది?”

“అది మగోళ్ళ శ్రుతి అత్తా!”

“పెట్టెకు ఆడా మగా ఏంది మే! పెట్టె పెట్టే.”

ఒక్కసారి తలుపెనక నుంచే గొంతెత్తి స్వరం అనుంటే సాయిబుకు తెలిసిపోయేది. కానీ మామ ముందర కోడలు గొంతెత్తేది యాడన్నా ఉండాదా! నోట్లో కొంగు కుక్కుకోని నిలబడినా. సాయిబు ఐదో శ్రుతి పెట్టెను గుడ్డలో చుట్టుకోని సందు దాటి ఎళ్ళిపోయినాడు.

రాత్రికి మీ తాతకు చెప్పినా. ఆయన తాలూకాఫీసులో గుమాస్తా, నెమ్మదస్తుడు. “మార్చుకోనొస్తా గానీ, మా నాయనకు ఏమని చెప్పల్ల?” అన్యాడు. నిజమే గదా. ముచ్చటపడి కొనిచ్చినోడికి, నీ గొంతుకు కొన్నావు, నా గొంతుకు కాదు అని ఎట్ల చెప్తావు?

ఆ పెట్టెతో పాడితే కింద గొంతు పలకదు, పైన అందదు. ఒక్కటే ఉపాయం దొరికింది. పెట్టె మోతలో ‘స’, దాని పైన ‘ప’ కలిసి మోగుతాయి, ఆ ‘ప’నే నా ‘స’ అనుకోని పాడినా. దాన్ని మధ్యమ శ్రుతి అంటారు. జోలపాటలకు, హారతులకు బాగుంటాది. కల్యాణికి మాత్రం అది పగ. కల్యాణిలో ‘మ’ కొంచెం పైకెక్కి నిలబడల్ల. పెట్టె ‘స’ ఏమో నాకు కింది ‘మ’ అయి మోగుతానే ఉంటాది. గొంతొకటంటే పెట్టె ఒకటంటాది. పోనీ, పెట్టె లేకుండా పాడుకుందామంటే, పడసాలలో నుంచి మామ, “అమ్మా, పెట్టె ఉండాది గదా, ఊదుకో తల్లీ!” అని ప్రేమగా అరిచేవాడు.

ఊదుకున్నా. జోలలే పాడినా. ప్రొద్దుటూరులో ఎవురి బిడ్డను తొట్లో ఏసినా నన్ను పిలిచేవాళ్ళు. “జోల కోడలొచ్చె” అనేవాళ్ళు. మామ గర్వంగా పెట్టె తానే మోసుకోని వచ్చేవాడు.

శానా ఏండ్లకు పులివెందులలో మీ తాత చెల్లెలికి కొడుకు పుట్టినాడు. తొట్లో ఏసే పండగకు పోయినాం. మగోళ్ళంతా బయట పందిట్లో ఉండారు. నేను జోల పాడతాండా, పిల్లోడు గుక్క పెట్టి ఏడుస్తాండాడు. ఆ చెల్లెలి పెద్దత్త, నోరు శానా పెద్దది ఆయమ్మకు, “ఏమ్మే ప్రొద్దుటూరు కోడలా, నీ జోలకు వాడు నిద్రపోయేట్ల లేడు గానీ, పుట్టింట్లో పాడేదానివంట, ఆ కల్యాణి రాదా నీకు?” అనింది.

మామ బయట ఉండాడు, అత్త పిల్లోని దగ్గర ఉండాది. పెట్టె తిత్తి మూసేసినా. శ్రుతి లేకుండా కల్యాణి ఎత్తుకున్నా.

స, రి, గ బాగనే వచ్చినాయి. ‘మ’ దగ్గరికి వస్తానే నా గొంతు పైకెక్కలేదు. పెట్టె యాడ మోగేదో ఆడనే పోయి నిలబడింది. మళ్ళా ఎత్తుకున్నా. మళ్ళా ఆడనే. మూసిన పెట్టె నా చెవిలో మోగుతానే ఉండాది అబ్బీ.

ఎవురికీ తెలీలేదు. అత్త “బాగుండాది మే” అనింది. ఆ పెద్దత్త మాత్రం పడీపడీ నవ్వి, “బాగుండాది గానీ, ఇదీ జోల మాదిరే ఉండాదే!” అనింది. ఆడోళ్ళంతా నవ్వినారు. నేనూ నవ్వినా. పిల్లోడు ఇంకా ఏడుస్తాండాడు. నా చెయ్యి దానంతట అదే పోయి తిత్తి తీసింది.