మంచినీళ్లు తాగాకే సంతకం

మా ఆవిడ ఎవరింటికి వెళ్లినా ముందు మంచినీళ్లు అడిగేది. దాహం వేసి కాదు. మలక్‌పేట దవాఖానలో ముప్పయ్యేళ్లు నర్సుగా చేసిన మనిషి, ఎండలోకి వెళ్లాలంటే చెంబెడు నీళ్లు తాగే బయల్దేరేది. అయినా ఎదుటివాళ్ల గడప దాటి కూర్చోగానే "జర మంచినీళ్లియ్యమ్మా" అనేది. మా ట్రస్టుకి అసలు నియమం అదే. రిజిస్టర్ చేయించిన దస్తావేజులో నిబంధనలు పేజీలకు పేజీలున్నాయి గానీ ఇది మాత్రం ఎక్కడా లేదు.

ట్రస్టు అంటే పెద్దగా ఊహించుకోకండి. నేను దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ కాలేజీలో ఫిజిక్స్ చెప్పి రిటైరయ్యాను. ఆ మరుసటి ఏడు ఆవిడా రిటైరయింది. మాకు పిల్లలు లేరు. ఆ సంగతి ఇక్కడితో వదిలేస్తాను. దాచుకున్నదాంట్లో సగం తీసి, కొందరు ఆడపిల్లలకు చదువు పూర్తయ్యేదాకా ఫీజులు కట్టేలా ఏర్పాటు చేసుకున్నాం. ఆఫీసు మా ఇంటి ముందుగది. ఒక బల్ల, మూడు కుర్చీలు, తీర్మానాలు రాసుకోవడానికి అట్ట వేసిన లావుపాటి పుస్తకం. ట్రస్టీలం ఇద్దరమే.

రిజిస్ట్రార్ ఆఫీసు పక్కన జెరాక్సు షాపులో దస్తావేజులు రాసే పెద్దాయన, చెక్కు మీద ఎవరో ఒకరి సంతకం చాలని రాయాలా, ఇద్దరిదీ ఉండాలని రాయాలా అని అడిగాడు. ఒకరిది చాలన్నాను నేను.

"ఇద్దరిది రాయిండ్రి" అంది ఆవిడ. "గీ సారు ఎవరేడిస్తే ఆళ్లకిస్తడు. ఎవరు ఎదురు మాట్లాడితే ఆళ్లను ఎల్లగొడ్తడు. ఒక్కని చేతుల పెడితే అయినట్టే."

"అదేంటండీ, పరాయివాళ్ల ముందు" అన్నాను.

"అదేంటండీ" అని నా కృష్ణా జిల్లా యాసను వెక్కిరించింది ఆ నల్గొండ మనిషి. పెద్దాయన నవ్వు ఆపుకుంటూ టైపు చేశాడు. నాకు ఒళ్లు మండింది. ఆవిడ చెప్పింది అక్షరాలా నిజం కావడం వల్ల ఇంకా మండింది.

ఫీజు కావాలని ఎవరు అర్జీ పెట్టుకున్నా మేమిద్దరం వాళ్లింటికి వెళ్లేవాళ్లం. నీళ్లు తాగకుండా ఆవిడ సంతకం పెట్టేది కాదు. మొదటిసారి అల్మాస్‌గూడ వెళ్లిన రోజు నాకింకా గుర్తే. దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక లేడీస్ హాస్టల్లో వంట చేసే ఆమె, తన కూతురికి నర్సింగ్‌లో సీటొచ్చిందని అర్జీ పెట్టింది. రేకుల కప్పుతో ఒకటే గది. గోడకు చర్చివాళ్లు ఇచ్చిన క్యాలెండరు, దాని పైన చిన్న శిలువ. తల్లీకూతుళ్లిద్దరే ఉంటారు. నాకు టైఫాయిడ్ భయం. ఎక్కడికెళ్లినా చేతిలో నీళ్ల సీసా ఉండేది. ఆవిడ మంచినీళ్లు అడగ్గానే నేను అలవాటుగా సీసా మూత తిప్పాను. అప్పుడు మా ఆవిడ నా వంక చూసిన చూపుకి ఆ మూత అక్కడే ఆగిపోయింది.

"ఫ్రిజ్ లేదు మేడం. కుండ నీళ్లే" అంది ఆ తల్లి నిలబడే.

"కుండనీళ్లే కావాలె. సారుకు గూడ ఇయ్యి."

తాగాను. చల్లగా, మట్టివాసనతో బాగానే ఉన్నాయి. అప్పటిదాకా గోడకానుకుని నిలబడ్డ ఆమె మేం గ్లాసులు కింద పెట్టాక వచ్చి మా ఎదురుగా కూర్చుంది. కూతురి మార్కుల కాగితం తెచ్చి చూపించింది.

తిరిగొస్తూ ఆటోలో అడిగాను, ఈ నీళ్ల పిచ్చి ఏమిటని. "ఆళ్లింట్ల గుక్కెడు నీళ్లు తాగకుండ ఇచ్చినమనుకో, గది బిచ్చమైతది. తాగి ఇస్తే చుట్టరికమైతది" అంది. ఎవరింట్లో నీళ్లు ముడతామో, ఎవరింట్లో ముట్టమో, మన దగ్గర అది ఎంత పెద్ద మాటో నేను విప్పి చెప్పక్కర్లేదు. ఆ సాయంత్రం తీర్మానాల పుస్తకంలో ఆవిడ ఎప్పటిలాగే తన పద్ధతిలో రాసింది: "తల్లి ఒక్కతే సంపాదిస్తోంది. అమ్మాయి పొయ్యి పక్కన చదువుతోంది. అడగడానికి సిగ్గుపడుతున్నారు. ఇవ్వాలి." కింద ఇద్దరం సంతకాలు పెట్టాం.

ఆ అమ్మాయి రెండో సంవత్సరంలో ఉండగా మా ఆవిడ పోయింది. ఒక ఉదయం పొయ్యి మీద పాలు పెట్టి, కాళ్లు లాగుతున్నాయని కుర్చీలో కూర్చుంది. మళ్లీ లేవలేదు. అన్ని ప్రాణాలు కాపాడిన మనిషి పోయేటప్పుడు పక్కనున్నది ఫిజిక్స్ మేస్టారు. ఏం చేయాలో తెలియక పేరు పెట్టి అరిచాను.

మా ఇంటికి నాలుగు పక్కలా హాస్టళ్లే. పొద్దున్నే బకెట్ల చప్పుడు, మధ్యాహ్నం టిఫిన్ డబ్బాల చప్పుడు, ఎప్పుడూ ఎవరో ఒకరు ఫోన్లో అమ్మతో మాట్లాడుతుంటారు. అంత జనం మధ్య నేను రోజుకు పలికే మాటలు కూరగాయల బండి దగ్గర "పావుకిలో", మందుల షాపులో "ఇవే". ఒంటికాయ సొంటికొమ్మని మా అమ్మ నన్ను చిన్నప్పుడే అనేది. ఆవిడున్నన్నాళ్లూ ఆ మాట అబద్ధమనుకున్నాను. ఒక కంచం, ఒక గ్లాసు కడుక్కుని బోర్లించడం, మర్నాడు అవే తీసుకోవడం. ఎవరైనా వస్తారేమోనని గేటు వంక చూసేవాడిని. ఎవరైనా వస్తే చటుక్కున తలుపు వేసుకునేవాడిని. చాలా ఒంటరిగా ఉండేది. ఇంతకన్నా మంచి మాట నాకు దొరకలేదు.

ట్రస్టు అక్కడే ఆగిపోయింది. రెండో సంతకం లేకుండా చెక్కు చెల్లదు. బ్యాంకులో అడిగితే మరణ ధ్రువీకరణ పత్రం, కొత్త ట్రస్టీని తీసుకుంటూ ఒక తీర్మానం ఇస్తే చాలన్నారు. అరపేజీ పని. పుస్తకం తీసి, తారీఖు వేసి, "మరణించినందున" అనే మాట దాకా వచ్చి పెన్ను మూసేసేవాడిని. మర్నాడు మళ్లీ తారీఖు మాత్రం వేసేవాడిని. అలా తారీఖులే నాలుగు పేజీలయ్యాయి.

ఇంకో పని కూడా చేశాను. దీన్ని ఎవరికీ చెప్పలేదు. ఆవిడ ఫోన్‌ని రోజూ చార్జింగ్ పెట్టేవాడిని. పిల్లలూ వాళ్ల తల్లులూ చేసేది ఆ నంబరుకే. వాళ్లెవరికీ నేను కబురు పెట్టలేదు. ఫోన్ మోగితే ఆవిడ పక్కగదిలో ఉన్నట్టే ఉండేది. పరీక్షల ముందు ఒకరోజు అది మోగింది. తెర మీద "అల్మాస్‌గూడ అమ్మ" అని ఉంది, ఆవిడే రాసుకున్న పేరు. ఎత్తితే చెప్పాలి. ఎత్తలేదు. మర్నాడు మోగింది. ఆ వారమంతా మోగింది. మిగతా పిల్లలవి ఆవిడ ముందే కట్టేసింది గానీ, ఆ ఒక్క అమ్మాయి ఫీజు రెండో విడత మిగిలి ఉందని నాకు తెలుసు. నా జేబులోంచి కట్టి రావచ్చనీ తెలుసు. కడితే కాలేజీలో "మేడం రాలేదా" అంటారు. తెలియనట్టు కూర్చున్నాను. తర్వాత ఫోన్ ఆగిపోయింది. ఆగిపోయినందుకు నాకు హాయిగా అనిపించింది. ఈ ఒక్క వాక్యం రాయడానికి ఇవాళ్టికీ సిగ్గేస్తుంది.

సంవత్సరీకం దగ్గరపడింది. ముత్తైదువకు పెట్టడానికి చీర కావాలని ఎల్‌బీ నగర్‌లో ఒక పెద్ద బట్టల షాపుకు వెళ్లాను. రెండో అంతస్తులో చీరలు మడతపెడుతున్న అమ్మాయి తలెత్తి చూసి, గబగబా చున్నీ సర్దుకుంది.

"నమస్తే సార్! మేడం రాలేదా? చీర మేడంకేనా? మేడం ముదురు రంగులు కట్టదు కద సార్, ఇటు చూడుండ్రి."

అప్పటికే లేత నీలం చీర ఒకటి విప్పేసింది, ఆ అల్మాస్‌గూడ అమ్మాయి. ఏడాదిగా తప్పించుకుంటున్న మాట, జనం మధ్య, ఆ లైట్ల కింద చెప్పాల్సొచ్చింది.

"మేడం లేదమ్మా. పోయి ఏడాది అవుతోంది."

ఆ అమ్మాయి చేతులు చీర మీదే ఆగిపోయాయి. చిన్నగా అంది: "అమ్మ గన్నిసార్లు ఫోన్ చేసింది సార్. ఎత్తకపోతే, మేడంకు మా మీద కోపమొచ్చిందనుకున్నం. మేమేం తప్పు చేసినమో అని అమ్మ రోజూ అనేది."

"నీ పరీక్షలు?"

"హాల్ టికెట్ ఇయ్యలే సార్. ఏడాది పోయింది. గందుకే ఈడ చేరిన." అంతలో సూపర్‌వైజరు ఇటు చూడటంతో మళ్లీ చీర మడత పెట్టసాగింది. నేను ఆ లేత నీలం చీరే తీసుకున్నాను.

ఆ సాయంత్రం పుస్తకంలో "మరణించినందున" అని రాశాను. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే, అయినా రాశాను. రెండో ట్రస్టీగా ఉంటారా అని మన్సూరాబాద్‌లో ఉన్న పాత సహోద్యోగిని అడిగాను. "ఇల్లిల్లూ తిరగలేనండీ. చెక్కుల పుస్తకం పంపించండి, అన్నిటి మీదా ఒకేసారి సంతకాలు పెట్టి పంపిస్తాను" అన్నాడు. మర్యాదగానే ఫోన్ పెట్టేశాను. నా స్వభావానికి అది చాలా ఎక్కువ.

ఆదివారం అల్మాస్‌గూడ వెళ్లాను. తల్లి అప్పుడే చర్చి నుంచి వచ్చింది. కూతురు అప్పటికే చెప్పినట్టుంది, ఆమె కళ్లు వాచి ఉన్నాయి. కూర్చుని, మంచినీళ్లు అడిగాను. సీసా తీసుకెళ్లలేదు. ఆమె గ్లాసు నా ముందు పెట్టి, నేను తాగాక, అప్పుడు కోపం తెచ్చుకుంది.

"ఫోన్ ఎత్తి ఒక్క మాట చెప్పొద్దా సార్? ఫీజు కోసం కాదు. ఆఖరి సూపుకు, మట్టికి ఒచ్చేటోళ్లం కద. మా ఇంట్ల నీళ్లు తాగిన మనిషి పోతే, మట్టికి రాకుంటిమి."

జీవితంలో ఎందరినో క్లాసులో నిలబెట్టి తిట్టాను. ఆ రోజు నేనే నిలబడి తిట్లు తింటున్నట్టుంది. తప్పయిందన్నాను. తర్వాత, ముందే అనుకున్నది కాదు గానీ, ట్రస్టులో మా ఆవిడ స్థానంలో ఉంటారా అని అడిగాను.

"నేనా? ఏడో తరగతి దాక సదివిన."

"ఇళ్లకు వెళ్లి చూసి ఎవరికివ్వాలో చెప్పడానికి అంతకన్నా చదువు అక్కర్లేదమ్మా. నాకు అంతకన్నా ఎక్కువే ఉంది, ఏమైందో చూశారుగా."

ఆమె నవ్వలేదు. "నేను సంతకం పెడితే, మా పిల్లకు నేనే ఇచ్చుకున్నట్టయితది కద?"

"మీ అమ్మాయి చదువు ఇక ట్రస్టుది కాదు. నాది. పోయిన ఏడాదిని తెచ్చివ్వలేను. మిగిలింది నేను కడతాను."

ఆమె నా ముందున్న ఖాళీ గ్లాసు తీసి పక్కన పెట్టింది. "రేపు మధ్యాహ్నం హాస్టల్ల వంటయినంక మీ ఇంటికొస్త. చూసి చెప్త" అంది.

చూసి చెప్పడమేమిటో అర్థం కాలేదు. చెప్పినట్టే వచ్చింది. ముందుగదిలో కుర్చీలో కూర్చుని, గోడ మీద మా ఆవిడ ఫొటో చూసి దండం పెట్టుకుంది. తర్వాత నా వైపు తిరిగింది.

"జర మంచినీళ్లియ్యిండ్రి సార్."

వంటింట్లోకి వెళ్లాను. ఉన్న ఒక్క గ్లాసులో పొద్దున తాగిన టీ మరకలున్నాయి. పైఅరలోంచి ఆవిడ గ్లాసు దించితే దాని మీద వేలు పెడితే గీత పడేంత దుమ్ము. కడిగి నీళ్లు నింపాను. వెనక్కి తిరిగేసరికి ఆమె గుమ్మంలో నిలబడి చూస్తోంది. ఒక్క కంచం, ఒక్క గిన్నె, కిటికీలో చార్జింగ్ పెట్టిన ఫోన్, అన్నీ చూసింది. గ్లాసు అందుకుని, నీళ్లన్నీ తాగింది. ఏడాదిగా మా ఇంట్లో మరొకరు నీళ్లు తాగలేదని అప్పుడు గుర్తొచ్చింది.

ముందుగదిలోకి వచ్చి పుస్తకం ఆమె ముందు పెట్టాను. వెంటనే సంతకం పెట్టలేదు. వేలితో పాత పేజీలు తిప్పి, కూడబలుక్కుంటూ మా ఆవిడ రాసినవి చదివింది. తన ఇంటి గురించి రాసినది రెండుసార్లు చదివింది.

"మేడం ఇల్లు చూసినంక గిట్ల రాసేది కద. నేను గూడ చూసిన. చెప్త, రాయిండ్రి."

పెన్ను తీసుకున్నాను.

"ఒక్కరే ఉంటున్నరు. ఫోన్ ఎత్తరు. అడగనీకి సిగ్గుపడుతున్నరు." ఆగి, ఫొటో వంక చూసి, "వారానికి ఒకసారన్న చూసి రావాలె" అంది.

ఆమె చెప్పింది చెప్పినట్టు రాశాను. రాయడం అయిపోయినా పేజీ మీంచి తల ఎత్తలేకపోయాను. ఆమె పుస్తకం తన వైపు లాక్కుని, అక్షరం తర్వాత అక్షరం పేర్చుకుంటూ, కింద సంతకం పెట్టింది.