బొమ్మ గీయించుకున్న కుట్రదారుడు

క్రైస్తవ ప్రార్థనలు బయట చేసుకోనివ్వని ఈ అరబ్బు దేశంలో, అల్ అజీజియాలోని మా గదిలో శుక్రవారం జపమాల చెప్పుకోవడానికి కూర్చునేముందు కిటికీ తెరలు లాగేవాళ్లం. అందుకే మమ్మల్ని మేమే కుట్రదారులం అనుకునేవాళ్లం. నిజానికి నాకు చేతనైన కుట్ర చొక్కాకి గుండీ కుట్టుకోవడం ఒక్కటే, అదీ వంకరగా.

ఆ పేరు పెట్టింది, ఇక్కడి ఇంగ్లీషు సిలబస్ బడిలో చరిత్ర చెప్పే నా మిత్రుడు. ఇద్దరిదీ గుంటూరు వైపే. ప్రార్థన అయ్యాక టీ తాగుతూ ఒకే కథ మళ్లీ మళ్లీ చెప్పేవాడు. నాలుగు వందల ఏళ్ల నాడు ఓ కతోలిక యువకుడు, ఇంగ్లండు రాణిని చంపించి, చెరలో ఉన్న ఇంకో రాణిని గద్దెనెక్కించాలని స్నేహితుల్ని కూడగట్టాడు. పని మొదలుకాకముందే వాళ్లతో కలిసి తన బొమ్మ గీయించుకున్నాడు. వేగులవాళ్లు వెనకే ఉన్నారు, ఆ బొమ్మ కూడా వాళ్ల కంటపడింది. పట్టుబడి ఉరికంబం ఎక్కారు.

"చంపుదామనుకున్నాడు, చచ్చాడు. దానికి నేనేం ఏడవను," అనేవాడు. "ఆ బొమ్మ సంగతే చూడు బావా. వాళ్లంటే అంత ఇష్టం వెర్రోడికి."

"నన్ను గీస్తే రంగంతా పొట్టకే అయిపోద్ది," అన్నాను.

"అందుకే మనకి ఫోటోల్లేవు. ఫోన్లన్నీ ఫ్రిజ్ మీద పెట్టండి."

పెట్టేవాళ్లం. బయట సముద్రపు గట్టు మీద కూడా, ఎవరైనా ఫోటోకని ఫోన్ ఎత్తితే నవ్వుతూ పక్కకి తప్పుకునేవాడు.

పోయిన వేసవిలో బడి మెట్ల మీద గుండె ఆగి పోయాడు. శవపేటికను ఊరికి పంపే పనుల్లో ఉండగా వాళ్లావిడ ఫోన్ చేసింది.

"అన్నయ్యా, చర్చిలో పూజప్పుడు పెట్టడానికి ఫోటో కావాలి. పెళ్లినాటివి ఉన్నాయి గానీ, అక్కడ మీ మధ్య నవ్వుతా ఉన్నది ఒకటి పంపండి. శుక్రవారం కోసమే బతుకుతున్నాననేవారు."

అందరం ఫోన్లు వెతికాం. బిర్యానీ ఉంది, సముద్రం ఉంది, నా పొట్ట ఉంది. వాడు లేడు. దొరికింది ఇక్కడి నివాస గుర్తింపు కార్డు, ఇకామా మీది ఫోటో ఒక్కటే. చేయని నేరం ఒప్పుకుంటున్నవాడి ముఖం.

"లేదమ్మా," అన్నాను. "తీయనిచ్చేవాడు కాదు."

"పోనీ ఎక్కడ కూర్చునేవారో చెప్పండి," అంది.

"ఫ్రిజ్ పక్కన, నేల మీద."

"ఎడమకాలు చాపుకునా?"

"అవునమ్మా. మోకాలు నొప్పనేవాడు."

"ఇంట్లోనూ అంతే. నవ్వితే ఎట్లా ఉండేవారన్నయ్యా, అక్కడ?"

కళ్లు మూసుకుపోయేవని చెప్పాను. ఇకామా ఫోటోలో తెరిచే ఉన్నాయి.